టోపర్ తెలుపు

"మళ్లీ పసుప్పచ్చగానే వచ్చావురా!" కాజొరి కెమెరా దించి విసుక్కుంది.

ముందుగదే ఆమె స్టూడియో. సాయంత్రం పెళ్లి. తమ్ముడు బాపన్ తలమీద పెళ్లికొడుకు పెట్టుకునే తెల్లటి బెండు కిరీటం, టోపర్ పెట్టుకుని స్టూలు మీద కూలబడి ఉన్నాడు.

"పొద్దున మీరంతా కలిసి పసుపులో ముంచేశారుగా దిదీ."

"సబ్బుతో తోమించానుగా! ఈ దిక్కుమాలిన లైట్లదే తప్పు."

బల్బులు మార్చింది. వెనక పసుపు గోడకు దుప్పటి కట్టింది. ముఖం రంగు మారలేదు.

"త్వరగా కానీయ్ దిదీ. ఒళ్లు తూలిపోతోంది."

"ఉపవాసం కదా, అంతే. రాత్రికి చేపల కూర లాగిద్దువు గానీ."

"చేప మాటెత్తకు. వారం నుంచి ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది."

కాజొరి నవ్వబోయి, ఫొటోను తెరమీద పెద్దది చేసింది. టోపర్ మల్లెపూవులా తెల్లగా వచ్చింది. అంటే వెలుతురులో లోపం లేదు. తెరమీద తమ్ముడి కళ్లు కనబడేలా ఫొటోను జరిపింది. తెల్లగుడ్లు రెండూ పచ్చగా ఉన్నాయి.

కళ్లలో ఎవరూ పసుపు పూయలేదు.

"కాజొరీ, కారుకు పూలు కట్టేశారు! ఇంకా కాలేదా?" వాకిట్లోంచి పెద్దమ్మ కేకేసింది.

కాజొరి తమ్ముడి తలమీంచి టోపర్ మెల్లగా తీసింది.

"కారు గుమ్మంలోకి తెమ్మను జేఠీమా. ముందు ఆసుపత్రికి పోవాలి."