తెర వెనక చెయ్యి

1948 చలికాలం. జ్వరం కేసుందంటే డాక్టర్ కోటిలింగం జగ్గయ్యపేట నుంచి రాత్రిపూట బండి కట్టించుకుని చిల్లకల్లు వెళ్లాడు. బుడే సాహెబ్ ఇంట్లో గోషా; ఆడవాళ్లు వైద్యుడికైనా తెర చాటు నుంచే చెయ్యి అందిస్తారు. కోడలికి చెప్పి వస్తానని సాహెబ్ పెరట్లోకి వెళ్లాడు. అంతలోనే తెర వెనక నుంచి చెయ్యి బయటికి వచ్చింది.

"నాడి అందకపోతే తప్ప, నిమిషం నిండకుండా చెయ్యి వదలకండిరా!" వైద్య పాఠశాలలో పదేళ్లు ఆయన చెప్పిన పాఠమది. వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టాడు. డెబ్బై రెండు.

సాహెబ్ లాంతరుతో తిరిగొచ్చాడు.

"భయం లేదు సాహెబ్. మీ కోడలి నాడి బాగుంది."

"కోడలు పెరటి గదిలో ఉందండీ. ఆ తెర వెనక ఎవరూ లేరే!"

కోటిలింగం చెయ్యి లాక్కోబోయాడు. తెర వెనక చేతి వేళ్లు మూడు ఆయన మణికట్టు మీద సర్దుకున్నాయి, ఆయన నేర్పిన పద్ధతిలోనే. ఆయన కదల్లేదు. వాచీ చూస్తూ ఉండిపోయాడు.

నిమిషం నిండకుండానే, ఇరవయ్యో సెకనులో ఆ వేళ్లు వదిలేశాయి.