గంభీరయ్య అల్లిన గూడు

తన పేరు వింటే పులి కూడా వణుకుతుందని కోతిపెద్ద గంభీరయ్య చెప్పుకునేవాడు. ఆ అడవిలో పులులు లేకపోవడం అతనికి బాగా కలిసొచ్చింది.

గూడు పడగొట్టినవాళ్లే తిరిగి కట్టివ్వాలని నియమం పెట్టింది కూడా అతనే. ఓ పొద్దున గిజిగాడి గూడు తెగి నేలపాలైంది.

"గాలికి పడింది," అన్నాడు గంభీరయ్య.

"గాలికి తోక వెంట్రుకలు ఉంటాయా బాబాయ్? గూటినిండా అవే," అన్నాడు గిజిగాడు. "రేపు మా ఆవిడ గుడ్లెక్కడ పెట్టాలి?"

"పెద్దవాణ్ణి. నాకూ నియమమేనా?"

కోతులు తలా ఓ గడ్డిపోచ తెచ్చి అతని ముందు పెట్టాయి.

గిజిగాడు నేర్పుతుంటే సాయంత్రానికి అతను అల్లిన గూడు వంకరగానైనా గట్టిగా నిలిచింది.

"గాలి కాదురా," అని చివరికి గొణిగాడు గంభీరయ్య. "ఇప్పపువ్వు తిన్న మత్తులో ఊయలనుకుని ఊగాను. జోలపాట కూడా పాడుకున్నాను."