నామం ఆగకూడదు

రాజమండ్రి బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుందనగా రామాలయం ముందు బుల్లిరాజు బండి ఆగింది. ఆ చప్పుడుకి సాయిదుర్గ చేతిలో బ్యాగు జారిపోయింది. నర్సు ట్రైనింగులో చేరడానికి ఈరోజే ఆఖరు.

"వచ్చాడండోయ్, దీని మొగుడు!" అంది గుమ్మంలో వరలక్ష్మమ్మ.

భజన మండలి పెద్ద మాణిక్యాంబ తొణకలేదు. సాయిదుర్గ చేతిలో కంచు తాళాలు పెట్టింది.

"కూర్చోవే. అందుకోండర్రా!"

ఆవిడ "హరే రామ" అని గొంతెత్తింది. తణుకు షుగర్ ఫ్యాక్టరీ సైరను ఆవిడ దగ్గరే నేర్చుకుందంటారు. పన్నెండు మంది ఆడవాళ్ళు అందుకున్నారు.

బుల్లిరాజు లోపలికొచ్చాడు. చేతికి అయిదు తాయెత్తులు, నుదుట మూడు రకాల బొట్లు. దేవుడంటే అంత భయం. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టిన రోజు కూడా ముందు దీపం పెట్టే మొదలెట్టాడు.

"పదవే ఇంటికి!"

"మెల్లిగా, బుల్లిరాజు గారూ. సప్తాహం. ఏడు రోజులూ నామం ఆగకూడదండి," అంది మాణిక్యాంబ.

"మరి పందిరి సగం పీకేశారేంటి?"

"ఉక్కపోతండి."

"నా పెళ్ళాన్ని పంపండి."

"ఇల్లొదిలొచ్చిన పిల్లకి నాలుగు నెలలు వంతులేసుకుని అన్నం పెట్టాం, పంపలేమా? కానీ తాళాలు పట్టినవాళ్ళు ఇంకొకరు అందుకుంటేనే లేవాలి. పోయినేడు ఒకాయన మధ్యలో కింద పెట్టాడు. ఆ వారమే వరదొచ్చింది, ఆయన రొయ్యల చెరువు ఇప్పటికీ దొరకలేదు."

బుల్లిరాజుకి రెండు రొయ్యల చెరువులున్నాయి.

"ఇలా తే!" తాళాలు లాక్కుని కూర్చున్నాడు. "పోయి బట్టలు సర్దుకో!"

సాయిదుర్గ బ్యాగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"తాళం తప్పుతోందండి. నిదానంగా వెయ్యండి."

పెళ్ళయ్యాక ఆమె అతనికి చూపించిన మొదటి తప్పు అదే.

కాసేపటికి బస్సు హారన్ వినపడింది, దూరమైంది.

"ఎవరన్నా అందుకోండి!" అన్నాడు బుల్లిరాజు. అందరూ భక్తిలో ఉన్నారు, ఎవరికీ వినపడలేదు. ఆడవాళ్ళు వంతులవారీగా ఇళ్ళకెళ్ళి భోంచేసొచ్చారు. అతని వంతు రాలేదు. మూడింటికి గొంతు పోయింది. నాలుగింటికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అది చూసి వరలక్ష్మమ్మ "ఎంత భక్తో!" అని దణ్ణం పెట్టింది.

అయిదింటికి టెంట్ హౌస్ అబ్బులు నిచ్చెనతో వచ్చి నోరెళ్ళబెట్టాడు.

"ఇదేంటండి మాణిక్యాంబ గారూ, సప్తాహం నిన్ననే అయిపోయింది కదా!"