తడిసిన ఆకులు

ఇంటివాళ్ళు మదీనా వెళ్తూ పెంపుడు ఊసరవెల్లిని పనిమనిషి మహబూబ్బీకి అప్పగించారు. సౌదీ పట్నం జిజాన్‌లోని ఆ ఇంట్లో ఆమె ఒంటరిగా ఉండడం అదే మొదటిసారి. ఊసరవెల్లిని సాకడమూ మొదటిసారే. అది గిన్నెలో నీళ్ళు తాగదనీ, ఆకుల మీది చుక్కల్నే నాకుతుందనీ, పొద్దునా రాత్రీ ఆకులు తడపాలనీ మేడమ్ మరీ మరీ చెప్పింది.

రాత్రి ఇషా నమాజు చదువుకుని, స్ప్రే సీసా తీసుకుని మహబూబ్బీ ఆ గదిలోకి వెళ్ళింది. పంజరం తలుపు బార్లా తెరిచి ఉంది. ఆకులన్నీ అప్పటికే తడిసి ఉన్నాయి. చుక్కలు టప్ టప్‌మని రాలుతున్నాయి.

ఆమె డ్రైవర్ బాబావలికి ఫోన్ చేసింది. అతనిదీ రాయచోటే.

"అన్నా, నువ్వు గానీ ఇంటికొచ్చినావా?"

"నేనెట్లొస్తామ్మా? అందరం మదీనాలోనే ఉండాం గదా. ఏమైంది?"

"ఊసరవెల్లికి ఎవురో నీళ్ళు కొట్టినారన్నా."



"తలుపు గడేసినావా?"

"పొద్దుగూకకముందే ఏసినా."

అంతలో ఊసరవెల్లి కొమ్మ చివరికి నడిచి వచ్చింది. ముంగాలు చాచి గాలిని పట్టుకుంది. తర్వాత రెండో ముంగాలూ చాచింది. పడిపోతుందని మహబూబ్బీ చెయ్యి అడ్డం పెట్టబోయింది. అది పడలేదు. కొమ్మ వదిలేసి, ఆమె భుజమంత ఎత్తున, గాలిలోనే కుదురుగా కూర్చుంది. ఆమె దగ్గరికి వస్తేనే నల్లబడే జీవం, ఇప్పుడు లేతాకుపచ్చగా, హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఒక్కదానివే ఉండావు గదమ్మా?" అన్నాడు బాబావలి.

ఊసరవెల్లి కింది ఖాళీ చోటునే చూస్తూ మహబూబ్బీ గుమ్మం వైపు వెనక్కి నడిచింది.