గుడిసెలో ఎందరున్నారు?

“ఆ మట్టి పారబోయకు. జల్లెడ పట్టు” అన్నాడు ముర్తుజా.

భీమన్న గంపెడు మట్టిని జల్లెడలో పోసి ఊపాడు. ఖర్జూరపు గింజలు, చేప ముళ్లు పైన మిగిలాయి. అవన్నీ తను తిని పారేసినవే. తన ఎంగిలిని తనే జల్లించుకునే రోజొకటి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఆ మాట ముర్తుజాకు చెప్పకూడదని పైవాళ్ల ఆర్డరు.

ఒమాన్‌లోని బర్కాలో ఒక ఖర్జూరపు తోట చివర ఉంది వాళ్లు తవ్వుతున్న గుడిసె. దాని పక్కనే తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్ల నాటి గుడిసె ఆనవాళ్లు బయటపడ్డాయి. అందులో ఎందరు బతికారో తేల్చాలని హైదరాబాదు నుంచి వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త ఖమరుద్దీన్ సారు పట్టుదల. అందుకని అచ్చం అలాంటి గుడిసెనే ఖర్జూరపు మట్టలతో కట్టించి, ఒక్క మనిషిని ఆరు నెలలు అందులో ఉంచాడు. మూడు రాళ్ల పొయ్యి, మట్టి కుండ, చేపలు, బార్లీ గంజి. స్టవ్వు లేదు, ప్లాస్టిక్ లేదు, ఎవర్నీ రానివ్వడం లేదు. పది రోజుల కింద ఖాళీ చేయించి, ఏ సంగతీ తెలియని తవ్వకాల నిపుణుడు ముర్తుజా చేతికి అప్పగించాడు. ఇక్కడ ఉన్నది ఒక్కడేనని ముర్తుజా చెత్తను చూసి చెప్పగలిగితే, పాత గుడిసె లెక్కనూ నమ్మవచ్చు. ప్రయోగం నెగ్గితే భీమన్నకు ఇంకో రెండేళ్లు ఇక్కడే డ్యూటీ. ఓడితే ఎక్కడో దూరాన సోహార్‌లో పాత సైట్, పాత కాంక్రీటు.

డ్యూటీ ఎక్కడైతేనేం అనుకుంటున్నారా? తోట యజమాని ఇంట్లో పిల్లల్ని చూసుకునే దేవవ్వ, భీమన్న భార్య. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి కూడా రెండేళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందుకే, ఫలానా తోటలో ఉండడానికి మనిషి కావాలని కంపెనీలో అడగ్గానే భీమన్న అందరికంటే ముందు చెయ్యెత్తాడు. శుక్రవారం సాయంత్రం దేవవ్వకు కాసేపు సెలవు. ఆ కాసేపు ఆమె ఎక్కడుండేదో భీమన్నకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి ముర్తుజా మోకాళ్ల మట్టి దులుపుకుని లేచాడు. ఖమరుద్దీన్ సారు ఆత్రంగా దగ్గరికొచ్చాడు.

“ఎందరు?”

“ఒక్కరైతే కాదు సార్. పొయ్యికి ఇటుపక్క ముళ్లు వెనక్కి విసిరేసి ఉన్నయి. అటుపక్క అన్నీ ఒక్క కాడ కుప్పగా పెట్టి ఉన్నయి. తినే తీరే వేరు. పైగా పొయ్యి రాళ్లకు మట్టి మెత్తి అలికిన్రు. వేళ్ల అచ్చులు చూడుండ్రి, సన్నగున్నయి. ఆడమనిషి చెయ్యి.”

అలకని పొయ్యి మీద వండితే దేవవ్వకు ముద్ద దిగదు. వద్దంటే వినలేదు.

ఖమరుద్దీన్ మొహం వాడిపోయింది. “ఇన్నేండ్ల కష్టం గంగల కలిసింది” అని అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

భీమన్న ఆలోచించాడు. నోరు మూసుకుంటే ప్రయోగం ఓడింది కనుక సోహార్. నోరు విప్పితే మాట తప్పాడు కనుక సోహార్. ఎటు పోయినా సోహారే అయినప్పుడు, పాపం ఆ పెద్దమనిషిని ఏడిపించడం దేనికి?

“సారూ, మీ లెక్క మంచిగనే ఉన్నది. తప్పు నాది. శుక్రారం శుక్రారం నా పెండ్లాం వచ్చేది, గీ తోట ఇంట్ల పిల్లల్ని జూసే దేవవ్వ. పొయ్యి అలికింది గామెనే.”

సారు నోరు తెరిచి చూశాడు. తిడతాడనుకుంటే పకపకా నవ్వాడు. “అరె భీమన్నా, రూల్ తప్పి నా ప్రయోగాన్ని బతికించినవ్ కదా! నిన్ను సోహార్ ఎట్ల పంపుత?”

భీమన్నకు ప్రాణం లేచొచ్చింది. కానీ ముర్తుజా నవ్వలేదు.

“నేను చెప్పుడు అయిపోలేదు సార్. ముగ్గురున్నరు. మూడోది పసిపిల్ల.” అరచేతిలో ఎర్రటి మట్టి పెళ్ల చూపించాడు. “పొయ్యి అంచు గోళ్లతోని గీకి తిన్నరు. ఇది కొరికి వదిలేసింది. గాటు చెదిరిపోయింది గానీ, మన్ను తినే ఈడు పిల్లనే.”

“పిల్లనా? మాకు పిల్లలు లేరు సారూ” అన్నాడు భీమన్న. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఎందరికో చెప్పిన మాటే. అయినా ప్రతిసారీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఖమరుద్దీన్ నవ్వు ఆగిపోయింది. దేవవ్వకు వీసా ఇచ్చిన కఫీల్ ఆ తోట యజమానే; ఆయన చిన్న కూతురు ఎప్పుడూ దేవవ్వ చంకలోనే ఉంటుందని సారుకు తెలుసు.

“కఫీల్ బిడ్డను దొంగచాటున ఇక్కడికి తెచ్చి మన్ను తినిపించిందా ఏంది? ఆయనకు తెలిస్తే ఆమెను రేపే విమానం ఎక్కిస్తడు. పిలువు ఆమెను.”

సోహార్ దూరమనుకుంటే, ఇప్పుడు సముద్రమే అడ్డం పడేలా ఉంది. భీమన్న యజమాని ఇంటి గోడ దగ్గరికి వెళ్లి పిలిచాడు. దేవవ్వ చిన్న గేటు తీసుకుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“నిజం చెప్పు. కఫీల్ బిడ్డను ఈ గుడిసెకు తెచ్చినవా?” అడిగాడు ఖమరుద్దీన్.

“దేవుని తోడు, లేదు సారూ. ఆ పసిదాన్ని ఆ గేటు దాటియ్యలే.”

“మరి ఇదేంది?”

ముర్తుజా చేతిలోని పెళ్లను చూసి దేవవ్వ తల దించుకుంది. భీమన్నకు ఆమె మీద కోపం, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి.

“చెప్పు దేవవ్వా! బతుకు ఆగమైతది, ఎవర్ని తెచ్చినవ్?”

ఆమె మొగుడి కళ్లలోకి చూసింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ, మొహంలో భయం లేదు.

“నీకే ముందుగాల చెప్దామనుకున్న. గుడిసె ఖాళీ చేసినంక నీతోని మాట్లాడే జాగ లేకపాయె” అని, సార్ల వైపు చూడకుండా, మెల్లిగా అంది.

“మన్ను తిన్నది నేనే, నాకు మూడో నెల.”