ఎవరి నీలం?

"గడప దగ్గరే ఆగమ్మాయ్. నీ నీడ పడితే బాన విరిగిపోతుంది."

"పొద్దున్నుంచీ దూలం నీడ దాని మీదే ఉంది కదా మామయ్యా. ఏమైనా అయిందా?"

కోడలు గడప దాటలేదు, వెనక్కీ తగ్గలేదు. లోపల, నేలలో మెడ వరకు పాతిన, నీలిమందు పులిసే బాన మీద రాగి మెరుపుతో నురగ తేలుతోంది. మామగారు పొడవాటి కర్రతో దాన్ని కలుపుతూ మధ్య మధ్య కుడి భుజం పట్టుకుంటున్నారు. నలభై ఏళ్లుగా ఆ గదిలో ఆయన తప్ప మరొకరు పని చెయ్యలేదు. ఇప్పుడు తడిసిన బట్టను పైకెత్తడానికి ఆ భుజం సహకరించడం లేదు. కొడుకేమో ముందు గదిలో గుడ్డల మీద అచ్చులు వేసుకుంటూ హాయిగా ఉన్నాడు. నీలం వాసనకే అతనికి తల తిరుగుతుంది. అందుకే సోమవారం నుంచి గది తాళం మరో అద్దకశాల పనివాడికి అప్పగించాలని ఆయన నిశ్చయించారు.

"పై మనిషికి తాళం చెవి ఇస్తారు, ఇంటి మనిషిని గడప దాటనివ్వరా?"

"వాడు మగాడు."

"ఆ సంగతి బానకు ఎవరు చెబుతారు?"

వరండాలో అచ్చు చెక్కుతున్న మామగారి బావమరిది ఉలి ఆపి నవ్వాడు. "దీనికి జవాబు చెప్పి నీళ్లు తాగు బావా!"

"నువ్వు నీ చెక్క చూసుకో" అని కసిరి, మామగారు కోడలి వైపు తిరిగారు. "పోయిన వానాకాలంలో మీ అత్త చీపురు కోసం లోపలికొచ్చింది. మూడో రోజుకల్లా బాన చచ్చింది, గుడ్డకు రంగే పట్టలేదు. దానికేమంటావ్?"

"ఆ వారమంతా ఎండ లేదంటాను. చల్లబడితే బాన పులియదు. అంతకు ముందూ రెండు బానలు చచ్చాయని మీరే చెప్పారుగా? అప్పుడు ఎవరు వచ్చారు?"

"అవి వేరు."

కోడలు గొంతు తగ్గించకుండానే అసలు విషయం బయటపెట్టింది. "రెండు నెలలుగా పెరట్లో నా బాన ఒకటి నడుస్తోంది మామయ్యా. సున్నం, తవుడు, బెల్లం అన్నీ మీ పాళ్లే. రోజుకు రెండుసార్లు నా చేత్తోనే కలుపుతున్నాను. ఇంకా చావలేదు."

మామగారి కర్ర ఆగింది. దాన్ని బాన అంచుకు ఆనించి, "బతికుంటే సరిపోదు, రంగు పలకాలి" అన్నారు. "ఆడ చెయ్యి పడిన నీలం చూడగానే తెలిసిపోతుంది నాకు."

"అయితే చూసి చెప్పండి. కాకపోతే ఏది ఎవరిదో ముందుగా మీకు తెలియకూడదు."

షరతులు అక్కడికక్కడే కుదిరాయి. ఒకే తానులోంచి చెరొక గుడ్డ, చెరి ఆరు ముంచులు. తడి గుడ్డలు రెండూ అత్తగారికి అప్పగించాలి. ఆవిడ ఉతికి, ఆరబెట్టి, జానెడు ముక్కలు కత్తిరించి, గుర్తేమీ లేకుండా తేవాలి. ఆయన సరిగ్గా పోల్చితే కోడలు తన బాన పారబోసి ఇక ఈ ఊసెత్తకూడదు. తప్పితే తాళం చెవి ఆమెది.

"అత్తయ్య దగ్గరుంటే మీకు సమ్మతమేనా?"

"ఆవిడ ముప్పయ్యేళ్లలో నాకెదురు చెప్పింది లేదు. నాకేం బెంగ?"

మర్నాడు మధ్యాహ్నం, అచ్చుల బల్ల మీద కిటికీ వెలుతురులో అత్తగారు రెండు నీలి ముక్కలు పరిచారు. తనదేదో పోల్చుకుందామని కోడలు వంగి చూసింది. ఎంత చూసినా తెలియలేదు. మామగారు మాత్రం తడబడలేదు. ఒక్కొక్కటీ ఎండకు పట్టారు, వేళ్ల మధ్య నలిపారు, వాసన చూశారు, చివరకు నాలుకకూ తాకించారు.

"ఇది నాది. లోతు చూడండి, దారం లోపలికి దిగింది. ఇక ఇదంటారా, పైపైన అంటుకుంది. అంచున పాలిపోయింది. వాసనలో ఏదో పులుపు. చెప్పానా, ఆడ చెయ్యి దాగదు!"

బావమరిది కళ్లద్దాలు సవరించుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "మొదట కనపడలేదు కానీ బావా, నువ్వన్నాక నాకూ పాలిపోయినట్టే ఉంది."

"అవును, తేడా ఉంది నాన్నా" అన్నాడు కొడుకు, భార్య వైపు చూడకుండా.

కోడలు రెండో ముక్కను చేతిలోకి తీసుకుంది. విచిత్రం! ఇప్పుడు ఆమె కంటికీ అంచు వెలిసినట్టే ఉంది. అయినా తల దించలేదు.

"మాటిచ్చాను, నా బాన పారబోస్తాను. కానీ ఒక్కసారి చూసి తేల్చింది నేనొప్పుకోను. పదిసార్లు చూసి పదిసార్లూ చెప్పండి, అప్పుడు నమ్ముతాను."

"ఓడిన వాళ్లందరూ ఇంకోసారి అనే అంటారమ్మాయ్" అని మామగారు తృప్తిగా నవ్వి, భార్య వైపు తిరిగారు. "చెప్పవే, నేను చెప్పింది నిజమేనా?"

అత్తగారు చేతులు కొంగుకు తుడుచుకుని, కుడి చెయ్యి ఆయన ముందుకు చాచారు.

"తాళం చెవి ఇలా ఇవ్వండి."

"నీకెందుకే?"

"రెండు ముక్కలూ మీరు ముంచిన గుడ్డలోంచే కత్తిరించాను."