రంగుల సినిమాలో లసుమవ్వ

రంగుల సినిమాలో వేషం వేశానని లసుమవ్వ యాభై ఏళ్లుగా రేగుంటలో అందరికీ చెబుతోంది. నమ్మినవాళ్లు లేరు. వరినాట్లు నేర్పడానికి మహారాష్ట్ర సర్కారువాళ్లు ఆ ఊరి పొలంలోనే తీసి, ఎక్కడెక్కడో తెర కట్టి చూపించిన చిన్న సినిమా అది. రేగుంటకు మాత్రం రాలేదు.

ఇన్నాళ్లకు అది మనవడు సుధాకర్ ఫోన్లో దొరికింది. ముందే చూసినవాడికి, ఆమెకు చూపించాలంటే మనసొప్పలేదు. లసుమవ్వ ఊరుకుంటేనా!

ఎర్రచీరలో పడుచు లసుమవ్వ నారును అడ్డదిడ్డంగా గుచ్చుతోంది. “ఇలా నాటితే పంట పోతుంది” అంది మరాఠీ గొంతు. తర్వాత నీలం చీరలో ఒక పట్నం పిల్ల నవ్వుతూ వరుసగా నాటింది. “ఇదే సరైన పద్ధతి.”

“ఫికర్ చెయ్యకు అమ్మమ్మా,” అన్నాడు సుధాకర్. “గప్పుడు నీకు నాటుడు రాకుండె, అంతే గదా.”

లసుమవ్వ పకపకా నవ్వింది. “జర ఎనుకకు తిప్పు. మొఖం కాదు, చేతులు చూడు.”

తిప్పాడు. నీలం కొంగు పక్కన, బురదలో చకచకా కదులుతున్న చేతులు. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. అదే తేలు ఇప్పుడు ఫోను పట్టుకున్న ముడతల చేతి మీద ఉంది.

“ఆ పిల్లకు బురదంటెనే భయం. మొఖం ఆమెది తీసిండ్రు, చేతులు నాయి. గది అల్కగనే అయిపోయింది. తప్పు నాటుడుకే ఒక పూటంత పట్టింది బిడ్డా. ఎంత చెప్పినా చెయ్యి వరుసకే పోతుండె!”